గ్రహణం చేసిన పని కాదు

దర్శిలోని మా మద్రసాకు ఖాయిదా నేర్చుకోవడానికి ఒక బాలిక వస్తున్నది. అక్షరంపై వేలు ఉంచి చదవమంటే ఎడమచేతి వేలు చూపుతుంది. కుడిచేతిని ఓఢ్నీ చాటున దాచుకుంటుంది. ఆ చేతి చూపుడువేలు, మధ్యవేలు పుట్టుకతోనే మిగిలినవాటికంటే చాలా లావు, పొడవు. గర్భవతిగా ఉన్నప్పుడు గ్రహణం నాడు కత్తిపీట ముందు కూర్చున్నదని తల్లిపై ఇంటి పెద్దల నింద. ఏడేళ్లుగా ఆమె దానిని మోస్తున్నది.

వైద్యులు ఈ అరుదైన లోపాన్ని మాక్రోడాక్టిలీ అంటారు. చేతివేళ్లకూ, కాలివేళ్లకూ రావచ్చు. ఎముక, నరం, కొవ్వు, చర్మం అన్నీ కలిసి పెరుగుతాయి. గర్భంలో పిండం ఎదిగే దశలో ఒక కణంలోని జన్యువు మారడం దీనికి మూలం. పెరుగుదలను నడిపించే పిఐకె3సిఎ అనే జన్యువులో ఈ మార్పును 2013లో పరిశోధకులు గుర్తించారు. ఆ మార్పు పెరిగిన భాగంలోనే ఉంటుంది. సాధారణంగా తల్లిదండ్రుల నుండి సంక్రమించదు. తల్లి చేసిన తప్పేమీ లేదు.

మహాప్రవక్త (స) కుమారుడు ఇబ్రాహీం పసితనంలో మరణించిన రోజున సూర్యగ్రహణం పట్టింది. ఆ మృతి వల్లనే అని జనం అనుకున్నారు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలనీ, ఎవరి చావుపుట్టుకల కోసమూ వాటికి గ్రహణం పట్టదనీ ఆయన స్పష్టం చేశారు. తన ఇంటి దుఃఖాన్నే గ్రహణంతో ముడిపెట్టనివ్వని ప్రవక్త అనుయాయులమైన మనం, ఒక తల్లిని గ్రహణం పేరుతో నిందించడం ఏమి న్యాయం?

చికిత్స చేయించుకోమన్నదీ ఆ ప్రవక్తే. కొందరిలో ఆ వేలు బిడ్డతో సమంగా ఎదుగుతుంది; కొందరిలో అంతకంటే వేగంగా పెరుగుతుంది. అటువంటప్పుడు ఆడపిల్ల వేలిని తల్లి వేలితో, మగపిల్లవాని వేలిని తండ్రి వేలితో పోల్చి, ఆ పరిమాణానికి చేరగానే వైద్యులు ఎముక ఎదుగుదలను ఆపివేస్తారు. అదనపు కొవ్వును తొలగిస్తారు. ఒకటికి మించి శస్త్రచికిత్సలు అవసరం కావచ్చు. వేలు పూర్తిగా మామూలు రూపానికి రాకపోవచ్చు. కానీ తాయెత్తులు కట్టి ఏళ్లు గడిపితే ఆ తగిన సమయం దాటిపోతుంది.

పుట్టుక లోపాలున్న పిల్లలను 18 ఏళ్ల వరకు ఉచితంగా పరీక్షించేందుకు రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఉన్నది. దాని వైద్య బృందాలు అంగన్‌వాడీలకూ, బడులకూ వస్తాయి. వారికి బిడ్డ చేతిని దాచకుండా చూపించండి. ఒంగోలు ప్రభుత్వ ఆసుపత్రిలో ఎముకల వైద్యులను సంప్రదించండి.

ఆ తల్లికి ఈ మాటలే చెప్పి పంపాను. ఆమె ఇంటి పెద్దలు కూడా చదవాలని ఇక్కడ వ్రాస్తున్నాను.