చీకటిలో వెలిగే సూక్ష్మజీవి: ప్రతిదీప్తి సూక్ష్మదర్శిని ప్రత్యేకతలు

ఉక్కునగరం భిలాయ్‌కు సూక్ష్మదర్శిని కొత్త పరికరం కాదు. 1955లో నాటి సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం మేరకు నిర్మాణమైన ఇక్కడి కర్మాగారంలో 1959 ఫిబ్రవరిలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైంది. భారతీయ రైల్వేలకు పట్టాలు అందించే కేంద్రంగా ఈ కర్మాగారం పేరుపొందింది. ఉక్కు నాణ్యతను నిర్ణయించే లోపలి నిర్మాణాన్ని లోహశాస్త్రవేత్తలు సూక్ష్మదర్శినితోనే పరిశీలిస్తారు. ఉక్కు ముక్కగుండా కాంతి ప్రసరించదు. కనుక నునుపు చేసిన ముక్కపై వస్తుకటకంగుండా పైనుంచే కాంతిని ప్రసరింపజేసి, తిరిగివచ్చే కాంతిలో చూస్తారు.

ఇదే అమరికను వైద్య, జీవశాస్త్ర రంగాలలో మరో ప్రయోజనానికి ఉపయోగిస్తున్న పరికరం ప్రతిదీప్తి సూక్ష్మదర్శిని. ప్రయోగశాలల్లో దీనిని ఫ్లోరసెన్స్ మైక్రోస్కోప్ అంటారు. సెక్టార్-9లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రి వంటి పెద్ద వైద్యశాల, 2016లో నెలకొల్పిన ఐఐటీ, పలు కళాశాలలు ఉన్న ఈ నగరంలో, తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాల విద్యార్థులు సైతం తెలుసుకోదగిన విషయమిది.

ప్రతిదీప్తి అంటే ఏమిటి?

కొన్ని పదార్థాలు ఒక రంగు కాంతిని గ్రహించి, అంతకంటే ఎక్కువ తరంగదైర్ఘ్యం గల వేరొక రంగు కాంతిని వెదజల్లుతాయి. ఇదే ప్రతిదీప్తి. 1852లో బ్రిటిష్ శాస్త్రవేత్త జార్జ్ గాబ్రియల్ స్టోక్స్ ఈ ధర్మాన్ని వివరించారు. వంటింటి పసుపును స్పిరిట్‌లో కలిపి అతినీలలోహిత దీపం కింద ఉంచితే అది పసుపు-ఆకుపచ్చ కాంతితో మెరవడం ఇందుకు సులభమైన ఉదాహరణ.

ఈ సూక్ష్మదర్శినికి ఆయువుపట్టు మూడు భాగాల వడపోత అమరిక. దీపం నుంచి వెలువడే కాంతిలో అవసరమైన రంగును మాత్రమే మొదటి ఫిల్టర్ లోనికి అనుమతిస్తుంది. ఏటవాలుగా అమర్చిన ప్రత్యేక దర్పణం ఆ కాంతిని నమూనాపైకి మళ్లిస్తుంది, నమూనా వెదజల్లిన కాంతిని మాత్రం తనగుండా పైకి పోనిస్తుంది. దారితప్పి వచ్చిన దీపపు కాంతిని చివరి ఫిల్టర్ అడ్డుకుంటుంది. నమూనా నుంచి వచ్చే వెలుగు దీపపు వెలుగుతో పోలిస్తే ఎన్నో వేల రెట్లు బలహీనం. కాబట్టి ఈ పరికరం విలువ అది వస్తువును ఎంత పెద్దదిగా చూపుతుందన్న దానికంటే, చుట్టూ ఉన్న నేపథ్యాన్ని ఎంత చీకటిగా ఉంచగలదన్న దానిపైనే ఎక్కువగా ఆధారపడుతుంది.

క్షయ నిర్ధారణలో పాత్ర

ఈ చీకటి విలువ క్షయ పరీక్షలో స్పష్టమవుతుంది. భిలాయ్‌కు ముడి ఇనుము దల్లీ-రాజహరా గనుల నుంచి వస్తుంది. ఏ ప్రాంతంలోనైనా గనుల్లో, పోత పరిశ్రమల్లో సిలికా ధూళిని దీర్ఘకాలం పీల్చే కార్మికులకు సిలికోసిస్‌తో పాటు క్షయ ముప్పు కూడా పెరుగుతుందని వైద్యశాస్త్రం నిర్ధారించింది. అందువల్ల వ్యాధిని త్వరగా గుర్తించడం ఇటువంటి ప్రాంతాలకు మరింత కీలకం.

1882లో రాబర్ట్ కాక్ ప్రకటించిన క్షయ బాక్టీరియా పొడవు కొద్ది మైక్రాన్లు మాత్రమే. సంప్రదాయ జీల్-నీల్సన్ పద్ధతిలో ఎర్రరంగు పట్టిన బాక్టీరియాను నీలిరంగు నేపథ్యంలో వెదకాలి. ఇందుకు నూనెచుక్క వేసి, 100 రెట్ల వస్తుకటకంతో చూడాలి. ఆరమైన్ రంగు వేసిన తెమడ నమూనాపై నీలికాంతి పడితే, నల్లని నేపథ్యంలో బాక్టీరియా పసుపు-ఆకుపచ్చ గీతలవలె వెలుగుతుంది. అందుచేత 40 రెట్ల వస్తుకటకం సరిపోతుంది. ఒక్కో చూపులో కనిపించే వైశాల్యం 6 రెట్లకు పైగా పెరుగుతుంది. పరీక్షకుడి సమయం, కంటిశ్రమ తగ్గుతాయి. ఈ పద్ధతి సంప్రదాయ పద్ధతికంటే సగటున 10 శాతం ఎక్కువ సున్నితమైనదని అధ్యయనాల సమీక్షలు తేల్చాయి.

పూర్వం ఈ సూక్ష్మదర్శినులకు పాదరస ఆవిరి దీపాలు వాడేవారు. అవి ఖరీదైనవి, కొన్ని వందల గంటలకే మార్చవలసినవి. పైగా చీకటిగది అవసరమయ్యేది. ఎల్ఈడీ దీపాలు వేల గంటలు పనిచేస్తాయి, వెంటనే వెలుగుతాయి, బ్యాటరీతోనూ నడుస్తాయి. ఈ సౌలభ్యాల దృష్ట్యా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఎల్ఈడీ ప్రతిదీప్తి సూక్ష్మదర్శినులను సిఫారసు చేసింది.

అయితే ఈ పరీక్షకు పరిమితులున్నాయి. బాక్టీరియా మందులకు లొంగుతుందో లేదో ఇది చెప్పలేదు. క్షయేతర మైకోబాక్టీరియా కూడా ఇలాగే వెలుగుతుంది. అందువల్ల తొలి నిర్ధారణకు నేడు జన్యు ఆధారిత పరీక్షలకు ప్రాధాన్యం పెరిగింది. చికిత్స ఫలితాన్ని గమనించడంలో సూక్ష్మదర్శిని ఉపయోగం కొనసాగుతోంది.

విద్యాసంస్థలు గమనించవలసినవి

కళాశాలలో తొలి ప్రయోగానికి ఖరీదైన రంగులు అవసరం లేదు. పలుచని ఆకు ముక్కపై నీలికాంతి ప్రసరింపజేస్తే అందులోని పత్రహరితం ఎర్రగా వెలుగుతుంది. తరువాతి దశలో కణకేంద్రకానికి అంటుకునే రంగులను పరిచయం చేయవచ్చు. వెలిగే ప్రోటీన్‌ను కనుగొని, అభివృద్ధి చేసినందుకు 2008లో ముగ్గురు శాస్త్రవేత్తలకు నోబెల్ బహుమతి లభించిందన్న వాస్తవం ఈ రంగం విస్తృతిని సూచిస్తుంది.

కొనుగోలు సమయంలో మొదట అడగవలసిన ప్రశ్న, ఏ రంగులతో పనిచేయబోతున్నాం అన్నది. నీలికాంతికి అమర్చిన ఫిల్టర్ అతినీలలోహిత కాంతి కోరే రంగుకు పనికిరాదు. భవిష్యత్తులో ఫిల్టర్లు మార్చుకునే వీలు, ఎక్కువ కాంతిని సేకరించే వస్తుకటకాలు, కళ్లను కాపాడే రక్షణ తెర, కెమెరా సదుపాయం ఉన్నాయో లేదో పరిశీలించాలి. తరగతి గదిలో అందరూ ఒకేసారి చూడడానికి కెమెరా తోడ్పడుతుంది.

వినియోగంలోనూ జాగ్రత్త అవసరం. వెలుతురు తగిలేకొద్దీ రంగుల మెరుపు క్షీణిస్తుంది. కనుక రంగు వేసిన స్లైడ్లను చీకటిలో భద్రపరచి త్వరగా పరిశీలించాలి, చూడని సమయంలో దీపపు కాంతిని ఆపివేయాలి. వర్షాకాలంలో కటకాలకు బూజు పట్టకుండా పొడిగా ఉంచాలి. వీటన్నిటికంటే ముఖ్యమైనది శిక్షణ. మెరిసే ధూళికణాన్ని బాక్టీరియాగా భావించినా, మసకగా వెలిగే బాక్టీరియాను విడిచిపెట్టినా దాని ఫలితం రోగిపైనే పడుతుంది.