ఫ్యాన్ బెల్టూ, పెళ్లి బుట్టా

మా మేనకోడలి పెళ్లి ఆల్బమ్‌లో ఒక ఫోటో ఉంది. పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మంటపానికి తీసుకువస్తున్నారు. బుట్ట మోసే హక్కు మేనమామదని మీకు వేరే చెప్పక్కర్లేదు. ఫోటోలో బుట్ట పట్టుకున్నవాడు మా పిన్ని కొడుకు. వాడూ మేనమామ వరసే కనుక శాస్త్రానికి లోటు రాలేదు. సొంత మేనమామనైన నేను మాత్రం ఆ సమయానికి టెక్కలి దగ్గర ఒక లారీలో, చేతులకు గ్రీజుతో కూర్చుని ఉన్నాను.

అది 1994 వైశాఖం. మా బరంపురం నుంచి శ్రీకాకుళం సుమారు 150 కిలోమీటర్లు. రాత్రి తొమ్మిది దాటాక ముహూర్తం. మధ్యాహ్నం రెండింటికి నాన్నగారు, మా ఆవిడ, పదేళ్ల మా అబ్బాయి, నేను మా 1978 అంబాసిడర్‌లో బయలుదేరాం. డిక్కీ నిండా సారె. దారిలో ఆగి టీ తాగినా ఏడింటికల్లా చేరిపోతామని నా ధీమా.

నిజానికి ఆ బండి పదిహేను రోజులుగా చెబుతూనే ఉంది. పొద్దున్నే స్టార్టు చెయ్యగానే బానెట్ కింద కీచుమని అరుపు. "అదేమిట్రా ఆ కూత?" అని నాన్నగారు అడిగారు కూడా. బెల్టుకి సబ్బు రాస్తే పోతుందని ఒక స్నేహితుడు చెప్పాడు. రాశాను, పోయింది. రోగం కుదిరిందనుకున్నాను. కుదిరింది కూత మాత్రమే.

పిండిమర చూసినవారికి ఈ బెల్టు సంగతి తేలికగా అర్థమవుతుంది. మోటారు ఒకచోట, తిరగలి ఇంకొకచోట, మధ్యలో బెల్టు. అంబాసిడర్‌లోనూ అంతే. ఇంజన్ అడుగున ఒక పుల్లీ, పైన ఫ్యానూ నీళ్ల పంపూ కలిసి ఉన్న పుల్లీ, పక్కన డైనమో పుల్లీ. మూడింటినీ చుట్టి ఒకే రబ్బరు బెల్టు. బెల్టు తెగితే ఇంజన్ ఆగిపోదు. మోసమంతా అక్కడే ఉంది. ఫ్యాన్ ఆగుతుంది, నీళ్లు తిరగడం ఆగుతుంది, బ్యాటరీకి కరెంటు చేరడం ఆగుతుంది. బండి మాత్రం ఏమీ ఎరగనట్టు పరిగెడుతూనే ఉంటుంది.

కంచిలి దాటిన కాసేపటికి ముందు ఏదో టప్ మంది. రాయి తగిలిందనుకున్నాను. మరుక్షణం డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలిగింది. అది డైనమో దీపమని నాకు తెలుసు. బ్యాటరీ నిండుగా ఉంది, ఇంకా పగలే, లైట్లతో పని లేదు, ఎలాగో పలాస చేరి చూపించుకోవచ్చని లెక్క వేశాను. ఆ లెక్కలో నీళ్ల పంపు లేదు. వేడి చూపించే ముల్లు ఎప్పుడో పాడైతే బాగుచేయించలేదు. "ఆ ఎర్రదేమిటండీ?" అని మా ఆవిడ అడిగితే, "ఏం లేదులే" అన్నాను. మే నెల ఎండలో ఇంకో ఐదు కిలోమీటర్లు తోలాను. కాలిన వాసన వచ్చింది, లాగుడు తగ్గింది, ఆఖరికి బానెట్ సందుల్లోంచి ఆవిరి పొంగింది.

కంగారులో చేతిగుడ్డ పట్టుకుని రేడియేటర్ మూత తిప్పబోయాను. వెనక ఆగిన లారీ డ్రైవరు గట్టిగా కేక వేసి ఆపాడు. గంజాం జిల్లావాడు, ఒడియాలోనే తిట్టాడు. ఆ తిట్టే లేకపోతే నా ముఖం కాలిపోయేది. లోపల నీళ్లు ఒత్తిడి మీద నూరు డిగ్రీలు దాటి ఉంటాయి, మూత వదులవగానే ఆవిరై ఎగజిమ్ముతాయి. ఇంజన్ పూర్తిగా చల్లారేదాకా మూత జోలికి పోకూడదు. కాగిన ఇంజన్‌లో చన్నీళ్లు కుమ్మరించినా లోహం పగిలే ప్రమాదం ఉంది.

అటువైపు వెళ్తున్న బస్సులో నాన్నగారినీ, మా ఆవిడనీ, అబ్బాయినీ, సారెనీ ఎక్కించాను. పెళ్లిళ్ల రోజులు, కాలు పెట్టే చోటు లేదు. నాన్నగారు నిలబడే వెళ్లారు. ఆ లారీ డ్రైవరే నా బండిని తాడు కట్టి పలాస దాకా లాగాడు. అక్కడి మేస్త్రీ ఆయిలు పుల్ల తీసి చూపించాడు. ఆయిలు నల్లగా లేదు, పాలు కలిపిన టీ రంగులో ఉంది. వేడికి హెడ్డు వంగి, గాస్కెట్ పోయి, నీళ్లు ఆయిల్లో కలిశాయి. "దీపం వెలగ్గానే ఆపి ఉంటే కొత్త బెల్టేసి గంటలో పంపేవాణ్ణి బాబూ" అన్నాడు. వంద రూపాయలైనా చెయ్యని బెల్టు తెగినందుకు హెడ్డు దింపి, సాపు చేయించి, వారం తరువాత బండి తెచ్చుకున్నాను.

ఇంకో లారీ పట్టుకుని నేను చేరేసరికి తలంబ్రాలు కూడా అయిపోయాయి. అక్క ఏమీ అనలేదు. బావ మాత్రం "వచ్చావా, భోంచెయ్యి" అన్నారు. ఆ మాట మింగుడు పడడానికి చాలా కాలం పట్టింది.

ఆ తరువాత బండి ఏదైనా నెలకొకసారి బానెట్ ఎత్తడం అలవాటైంది. ఇంజన్ ఆపి, తాళం చెవి జేబులో వేసుకుని, బెల్టు లోపలి వైపు పగుళ్లున్నాయా, అంచు పీచులు లేచిందా, ఆయిలు తగిలి ఉబ్బిందా చూస్తాను. అంబాసిడర్ ఉన్నన్నాళ్లూ రెండు పుల్లీల నడుమ బొటనవేలితో నొక్కితే అర అంగుళం దిగేలా ఉంచుకునేవాణ్ణి. మరీ బిగించినా బేరింగులు పోతాయి. చాలా కార్లలో టైమింగ్ బెల్టు అని ఇంకొకటి మూత వెనక దాగి ఉంటుంది. అది తెగితే ఇంజన్ అక్కడికక్కడే ఆగుతుంది. కొన్ని ఇంజన్లలో వాల్వులు పిస్టన్లకు కొట్టుకుని వంగిపోతాయి కూడా. అది కంటికి కనబడదు గనుక, కారుతో ఇచ్చిన పుస్తకంలో ఎన్ని కిలోమీటర్లకు మార్చమన్నారో చూసుకుని మార్చించాలి.

నిరుడు మా మేనకోడలు బెంగుళూరు నుంచి ఫోన్ చేసింది. "మామయ్యా, కారు నడుపుతుంటే బ్యాటరీ బొమ్మ ఎర్రగా వెలిగింది, స్టీరింగు బండరాయిలా బిగుసుకుంది. పక్కకి ఆపేశాను. ఇంటికి మూడు కిలోమీటర్లే, మెల్లగా వెళ్లిపోనా?" ఆ పాత కారులో స్టీరింగు పంపునీ అదే బెల్టు తిప్పుతుంది. "అడుగు కదపకు తల్లీ, మెకానిక్కుని అక్కడికే పిలిపించు" అన్నాను. బెల్టును బిగువుగా పట్టి ఉంచే చక్రం బేరింగు పట్టేసి బెల్టు తెగిందట. చక్రం, బెల్టు మార్చి సాయంత్రానికి ఇచ్చేశారు. ఇంజన్‌కు ఏమీ కాలేదు.

రాత్రి మళ్లీ ఫోన్ చేసి, "ఇంత తెలిసినవాడివి, ఆ వేళ నువ్వెందుకు ఆపలేదు మామయ్యా?" అంది.

"నీ బుట్ట మొయ్యాలనే" అన్నాను.

అటువైపు కాసేపు మాట లేదు. తరువాత నవ్వింది.