పిజ్జా పక్కన బీరు... గురుగ్రామ్ విశేషాలు!

మీకు తెలుసా? గురుగ్రామ్ సెక్టార్ 29లో ఏ టేబుల్ మీద చూసినా కనిపించే జంట, అంటే పలచటి రొట్టె పిజ్జా, పక్కన అక్కడే తయారైన తాజా బీరు, నాగలి కంటే పాతది! జోర్డాన్ ఎడారిలో షుబైఖా అనేచోట 14,400 ఏళ్ల నాటి మాడిన రొట్టె తునకలు దొరికాయి. వ్యవసాయం మొదలవడానికి అప్పటికింకా 4 వేల ఏళ్లుంది. పొలం లేదు, పంట లేదు, రొట్టె మాత్రం రెడీ!

మరి బీరో? ఇజ్రాయెల్‌లోని రాకెఫెట్ గుహలో, రాతి రోళ్లలో 13 వేల ఏళ్ల నాటి బీరు ఆనవాళ్లు బయటపడ్డాయి. అదీ ఇదీ నటూఫియన్లు అనే ఒకే సంస్కృతి వేటగాళ్ల పనే. రెండు సంగతులూ లోకానికి తెలిసింది ఒకే ఏడు, 2018లో. ఈ కాంబో ఆఫర్ ఎవరిదో తేలిపోయిందిగా!

2023లో ఇటలీలోని పాంపేయి శిథిలాల్లో ఓ గోడ మీద 2 వేల ఏళ్ల నాటి బొమ్మ ఒకటి బయటపడింది. వెండి పళ్లెంలో గుండ్రటి రొట్టె, దాని మీద పళ్లు, పక్కనే వైన్. అచ్చం పిజ్జాలాగే ఉంది, కానీ టమాటా లేదు. ఉండదు మరి, టమాటా ఐరోపా గడప తొక్కడానికి ఇంకా 14 వందల ఏళ్ల పైనే ఉంది!

అసలు సిసలు నేపుల్స్ పిజ్జా పొయ్యిలో ఎంతసేపు ఉంటుందో మీకు తెలుసా? 60 నుంచి 90 సెకన్లు. అంతే! 430 డిగ్రీలు దాటిన ఆ సెగలో మీరు ఫోన్ తీసి ఫొటోకి సిద్ధమయ్యేలోపు పని అయిపోతుంది. ఈ పిజ్జా కోసం విమానం ఎక్కక్కర్లేదు. గురుగ్రామ్‌లోని ‘డా సుసీ’ ఆసియా పసిఫిక్ ‘50 టాప్ పిజ్జా’ జాబితాకే ఎక్కింది. ఆ జాబితా వేసేది ఎవరనుకున్నారు? ఇటలీ వాళ్లే!

ఇప్పుడో చిక్కు లెక్క. 12 అంగుళాల పిజ్జాలు రెండు తీసుకుంటారా, 18 అంగుళాలది ఒక్కటి తీసుకుంటారా? రెండంటే ఎక్కువే కదా అన్నారో, ఓడిపోయారు! రెండూ కలిపితే 226 చదరపు అంగుళాలు. ఆ ఒక్కటే 254. ఎనిమిదో తరగతి లెక్కల మాస్టారికి ఒక ముక్క బాకీ!

2023లో లాస్ ఏంజిలిస్‌లో చేసిన ప్రపంచ రికార్డు పిజ్జా 1,296.72 చదరపు మీటర్లు. పది ఫ్లాట్లు పక్కపక్కనే పరిచినంత! కోస్తే 68 వేల ముక్కలు. పార్సిల్ అడక్కండి.

పిజ్జా మీద వేసే టాపింగ్ పిజ్జా కాదని మీకు తెలుసా? 2022లో హర్యానా జీఎస్టీ అప్పీలు అథారిటీ తేల్చిన మాట ఇది. ఆ కేసులోని మోజరెల్లా టాపింగ్‌లో వెజిటబుల్ ఫ్యాట్ ఉంది కాబట్టి అది చీజ్ కూడా కాదంది. అప్పట్లో దానికి పన్ను 18 శాతం పడింది! రెస్టారెంటు పిజ్జాకి సాధారణంగా 5. ఇక బీరు సంగతంటారా, అసలు జీఎస్టీలోనే లేదు, దానికి వ్యాట్. ఒకే టేబుల్, రెండు పన్నులు!

గోధుమ బీరులో అరటిపండు వాసన వస్తుంది. అందులో అరటిపండు వేశారా? తొక్క కూడా వేయలేదు! ఆ పరిమళం ఈస్టు పుట్టించింది. పేరు ఐసోఅమైల్ ఎసిటేట్. అసలు విడ్డూరం ఇప్పుడు వినండి: కుట్టిన తేనెటీగ తోటివాళ్లని ‘రండి, కుట్టండి’ అని పిలిచేదీ ఈ వాసనతోనే. తేనెపట్టు కింద గ్లాసు ఎత్తకండి!

బీరుకి చేదునిచ్చే హాప్స్ తీగ, గంజాయి మొక్క ఒకే కుటుంబం. ఔను, దాయాదులే! మన దేశంలో ఈ హాప్స్ హిమాలయాల్లో లాహౌల్ లోయలో పండుతుంది.

మన దేశపు బీరు బ్రాండ్ ‘బీరా 91’లో ఆ 91 ఏమిటి? మన దేశం ఫోన్ కోడ్! కానీ 2015లో ఆ బీరు మొదట తయారైంది ఎక్కడో ఊహించండి. బెల్జియంలో!

ఢిల్లీలో మైక్రోబ్రూవరీ, అంటే అక్కడికక్కడే బీరు కాచే బారు, అన్నదే లేని రోజుల్లో గురుగ్రామ్ గ్లాసులు నింపేసింది. గెలాక్సీ హోటల్‌లోని ‘హౌజాట్’ దేశంలోనే తొలితరం మైక్రోబ్రూవరీల్లో ఒకటి. ఢిల్లీలో తాగడానికి 25 ఏళ్లు నిండాలి. హర్యానా దాన్ని 21కి దించింది. ఎల్లో లైన్ మెట్రో ఎక్కి గురు ద్రోణాచార్య స్టేషన్‌లో దిగితే నాలుగేళ్లు కలిసొస్తాయి! తిరుగు ప్రయాణమూ మెట్రోలోనే సుమా. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటి స్టీరింగ్ పట్టుకుంటే తొలిసారికే 10 వేల రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదంటే రెండూ. పిజ్జా అక్కడికి డెలివరీ కాదు!

2017 ఏప్రిల్‌లో మరో వింత. హైవేకి 500 మీటర్లలోపు మద్యం వద్దన్న సుప్రీంకోర్టు ఆదేశం అమల్లోకి వచ్చింది. గురుగ్రామ్‌లో రెస్టారెంట్లకి నెలవైన సైబర్ హబ్ ఉన్నది హైవే పక్కనే! ఏం చేశారో తెలుసా? లోపలికి వచ్చే దారినే మార్చేశారు. దూరం దానంతటదే పెరిగింది! మున్సిపల్ పరిధిలోని వాటికి ఆ నిబంధన వర్తించదని జులైలో కోర్టే స్పష్టం చేసింది. కేరళలో ఉత్తర పరవూరు బారు ఒకటి ఇంకా ముందుకెళ్లి, గుమ్మం ముందు గోడలు కట్టి మెలికల దారి వేసింది. లోపలికి పోయేవాళ్లు సరే, బయటికొచ్చేవాళ్లకి దారెలా దొరికేదో!