కన్నుకు కన్నే కావలి

పసిబిడ్డ బుగ్గన కాటుక చుక్క, మొలత్రాటికి నల్లపూస, గుమ్మానికి నిమ్మకాయా మిరపకాయలూ మన ఇళ్ళలో అందరూ ఎరిగినవే. మనం దిష్టి అంటాము. మన పొరుగు తమిళులు కణ్ దిరుష్టి అంటారు. కన్నడిగులకు అది దృష్టి, మరాఠీలకు దృష్ట, హిందుస్తానీలో నజర్. తరతరాలుగా పరభాషల నడుమ కాపురం చేస్తున్న మనకు ఈ ఒక్క భయం విషయంలో దుబాసీ అవసరం కలుగలేదు.

ముల్లును ముల్లుతోనే తీయాలన్నట్టు, కంటి కీడుకు కంటి బొమ్మనే విరుగుడుగా మెడలో వేసుకున్న జాతులు అనేకం. ఆ నగలు చేసిన చేతుల సంగతి, వాటి వెనుక వున్న మనసుల సంగతి ఈ నెల మన సోదరీ సోదరులతో ముచ్చటించదలచాము.

మొదట ఈజిప్టు. అక్కడి పురాణంలో హోరస్ అనే దేవుని కన్నును అతని పినతండ్రి సెత్ పాడుచేస్తాడు. జ్ఞానానికి అధిదేవత అయిన థోత్ దానిని తిరిగి బాగుచేస్తాడు. ఆ కంటికి పెట్టిన పేరుకు చెక్కుచెదరనిది, స్వస్థమైనది అని అర్థం. 1922లో హోవర్డ్ కార్టర్ కనుగొన్న టుటన్‌ఖామెన్ సమాధిలో ఈ కన్ను వున్న బంగారు పతకాలు దొరికినవి. బంగారానికి నోచుకోని వారు వూరుకోలేదు. పలుగురాతి పొడిని ముద్దచేసి, మట్టి అచ్చులో అదిమి కాల్చేవారు. రాగి కలియుటవల్ల దానికి నీలిపచ్చ మెరుగు వచ్చేది. సన్నని తూటులో దారం గుచ్చి బ్రతికినవారూ ధరించేవారు, పోయినవారికీ కట్టేవారు.

బాబిలోను పనివారు మరొక ఉపాయం కనిపెట్టారు. పొరలు పొరలుగా రంగులుండే అగేటు రాతిని నేర్పుగా కోస్తే తెల్లని వలయమూ, నడుమ నల్లని పాపా వాటంతటవే తేలుతాయి. రంగు పూయనక్కరలేదు. అటువంటి కంటిరాళ్ళపై నెబుకద్నెజ్జర్ రాజు తన పేరు చెక్కించి దేవునికి సమర్పించాడు. అగేటు పూసల పని మన గుజరాతులోని ఖంభాతులో ఈనాటికీ వున్నది.

నేడు లోకమంతా ఎరిగిన కంటిపూస తుర్కీ దేశపు నీలిపూస. దానిని వారు నజర్ బొంజుక్ అంటారు. నజర్ మనం విన్న మాటే. బొంజుక్ అంటే పూస. ఇజ్మీరు పట్టణం చేరువనున్న గొరెజె గ్రామం ఈ పనికి ప్రసిద్ధి. కురుదెరె అనే మరొక గ్రామం తన పాతపేరు మాని నజర్‌కొయ్, అనగా దృష్టి ఊరు, అయినది.

పని విధం ఇది. మట్టితో కట్టిన కొలిమిలో పైను కర్రలు మండుతుంటాయి. కొలిమి చుట్టూ రంధ్రాలు. ఒక్కొక్క రంధ్రం ముందు ఒక్కొక్క పనివాడు కూర్చుంటాడు. పగిలిన గాజునే కరిగిస్తారు. కోబాల్టు చేరిస్తే ముదురునీలం వస్తుంది. ఇనుపకడ్డీ కొనతో పాకంలాంటి గాజును తీసి, మరొక కడ్డీకి చుట్టి అదుముతారు. అది వేడిమీద వుండగానే తెల్లని చుక్క, దానిపై లేతనీలం, అన్నిటి నడుమ కంటిపాప పెట్టాలి. ఆలస్యమైతే చుక్క అతకదు. పిదప కొలిమి పక్కనున్న అరలో నెమ్మదిగా చల్లారనివ్వాలి. తొందరపడితే పూస పగులుతుంది. చేతిపని గనుక ఏ రెండు కళ్ళూ ఒక్కలా వుండవు.

ఆ సెగకూ పొగకూ ఓర్చి కూర్చునే యువకులు తగ్గిపోతున్నారు. అచ్చుపోసిన చవకరకం పూసలు బజారు నింపుతున్నవి. సెల్‌ఫోనులలో పంపుకొనే బొమ్మలలో సైతం 2018లో ఈ నీలికన్ను చేరింది. కన్ను లోకమంతా తిరుగుతున్నది, దానిని చేసే చేతులు మాత్రం కొద్దిగానే మిగిలినవి. తిరుపతి ప్రాంతంలో గాజుపూసలకు పేరుపడ్డ మన పాపానాయుడుపేటను తలచుకుంటే ఆ చేతుల విలువ మనకు తెలియకపోదు. అక్కడి పద్ధతి వేరు: గాజును సన్నని గొట్టంగా దూరం లాగి ముక్కలుగా తరుగుతారు.

కంటి నగ అంతా భయమే కాదు. 1785లో ఇంగ్లండు యువరాజు మేరియా ఫిట్జ్‌హెర్బర్టును రహస్యంగా వివాహమాడాడు. బాహాటంగా ముఖచిత్రం ధరించే వీలు లేక ప్రియుల కన్ను ఒక్కటే సన్నని దంతపు రేకుపై వ్రాయించి నగలో పొదిగించుకొనే వాడుక ఆ రోజులలో ప్రబలింది. ఆ కన్ను ఎవరిదో ధరించినవారికే తెలియును. భయపడిన చూపుకూ, తపించిన చూపుకూ మనిషి నగే చేశాడు.

తుర్కీలో పూస పగిలితే, రావలసిన దెబ్బ అది తిన్నదని చెప్పుకొని మరొకటి కట్టుకుంటారు. నింద పూసమీదనే పోతుంది. ఎవరి కన్ను తగిలిందో వెతకవలసిన పని వుండదు. మాకు ఈ నగలలోని గొప్ప అదేనని తోస్తున్నది.

మన ఇళ్ళలో బిడ్డ పాలు త్రాగకపోతే, నిన్న ఎత్తుకున్నదెవరు అనే లెక్క మొదలవుతుంది. అది పిల్లలు లేని పిన్ని దగ్గరనో, భర్త పోయిన అత్త దగ్గరనో ఆగుతుంది. నోటితో ఎవరూ అనరు. ఆమె గుమ్మంలోకి రాగానే బిడ్డను లోపలికి తీసుకుపోతారు, అంతే. మా బంధువులలో ఒక పెద్దమ్మ అందువల్లనే పేరంటాలకు రావడం మానుకున్నది. ఆమె తెచ్చిన పటికబెల్లం పొట్లం విప్పకుండానే అలమరలో వుండిపోవడం మేము చూశాము.

మన అవ్వలు ఇంత కఠినులు కారు. ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచేటప్పుడు ఇరుగునీ పొరుగునీ, వచ్చినవారినీ పోయినవారినీ అందరినీ కలిపే చెప్పేవారు. కన్నతల్లి దిష్టే గట్టిదని కూడా అనేవారు. ఏ ఒక్కరినీ వేలెత్తి చూపేవారు కారు. భయాన్ని ఉప్పుమీద పెట్టి నిప్పులో వేసి, మనుషులను మిగుల్చుకున్నారు.

కనుక పూస కట్టాలనిపిస్తే కట్టండి. చేతిపనివారి దగ్గర కొంటే ఒక పొయ్యి వెలుగుతుంది. జ్వరం వస్తే డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి. పిన్నిగారు వచ్చినప్పుడు మాత్రం బిడ్డను ఆమె చేతికివ్వండి. కావలి వుండడానికి పూస వున్నదిగదా!