సాఫ్ట్‌వేరు రెయిడ్‌లో ఫైళ్ళు కనబడకపోవడం

సాఫ్ట్‌వేరు రెయిడ్ అనగా ప్రత్యేక కంట్రోలరు కార్డు అవసరం లేకుండా, ఆపరేటింగు సిస్టమే అనేక హార్డుడిస్కులను కలిపి ఒకే డిస్కుగా చూపే పద్ధతి. 1988లో డేవిడ్ పాటర్సన్, గార్త్ గిబ్సన్, రాండీ కాట్జ్‌లు ప్రచురించిన పరిశోధనా పత్రంతో రెయిడ్ అనే పేరు ప్రసిద్ధమైంది. లినక్సులో దీనిని ఎండీఆడమ్ అనే ఉపకరణంతో నిర్వహిస్తారు.

కారణాలు

రెయిడ్ 5లో ఒక డిస్కు, రెయిడ్ 6లో రెండు డిస్కులు చెడినా సమాచారం నిలుస్తుంది. రెయిడ్ 0లో ఒక్కటి చెడినా మొత్తం పోతుంది. అయితే పొరపాటున తొలగించిన ఫైలును గాని, ఫైల్ సిస్టమ్‌లో ఏర్పడిన దోషాన్ని గాని ఏ రెయిడ్ స్థాయీ సరిదిద్దలేదు. అందుచేత రెయిడ్ బ్యాకప్‌కు ప్రత్యామ్నాయం కాదు.

పరిశీలన

ఫోల్డరు ఖాళీగా కనిపిస్తే మొదట ఫైల్ సిస్టమ్ మౌంటు అయినదో లేదో చూడాలి. మౌంటు కానప్పుడు ఫైళ్ళు భద్రంగా ఉన్నా కనబడవు. రెయిడ్ ప్రారంభం కాకపోతే కొత్త రాతలు జరగకుండా చూసి, ప్రతి డిస్కులోని ఈవెంటు సంఖ్యను పోల్చాలి. తక్కువ సంఖ్య గల డిస్కు ముందుగా విడిపోయినదని అర్థం. మరమ్మతుకు పూర్వమే డిస్కుల నకళ్ళు తీసుకోవాలి. తొందరపడి 'క్రియేట్' ఆదేశం ఇవ్వరాదు. అది పాత వివరాలను చెరిపి కొత్తవి రాస్తుంది. డిస్కుల వరుస మారితే తదుపరి సమన్వయ ప్రక్రియలో అసలు సమాచారమే నశించవచ్చు.