రెండు తాడిచెట్ల మధ్యకి సూర్యుడు ఏ రోజు వస్తాడు? ఫోన్‌లోనే చూసుకోవచ్చు

పోయిన ఎపిసోడ్‌లో చూపించిన తాతయ్య ఫోటో చూసి చాలామంది "ఏ ఫోన్ అన్నా అది?" అని అడిగారు. ఫోన్ మామూలుదేనండీ. అసలు సంగతి తేదీలో ఉంది.

మాది ముదినేపల్లి దగ్గర పల్లెటూరు. ఊరి బయట చేపల చెరువు గట్టు మీద రెండు తాడిచెట్లు ఉండేవి. మా తాతయ్య ఏళ్ల తరబడి ఆ చెరువుకి కాపలా ఉన్నాడు. నవంబర్ 1న పొద్దున్నే అటు వెళ్తే, సూర్యుడు సరిగ్గా ఆ రెండు చెట్ల మధ్యలోంచి లేస్తున్నాడు. చూస్తే ఫోన్‌లో చార్జింగ్ లేదు! సరేలే, సంక్రాంతికి తీద్దాం అనుకున్నా. ఈలోపు గట్టు వెడల్పు చేస్తున్నారు, మార్చిలో చెట్లు కొట్టేస్తారు అని తెలిసింది.

సంక్రాంతి రోజు తాతయ్యకి కొత్త పంచె కట్టించి చలిలో నిలబెట్టా. సూర్యుడేమో చెట్లని వదిలేసి, బాగా కుడివైపు మోటార్ షెడ్ మీద లేచాడు. తాతయ్య నవ్వి, "ఉత్తరాయణం వచ్చిందిగా రా, మళ్లీ ఇటే వస్తాడులే" అన్నాడు. ఆయన చెప్పిందే యాప్ కూడా చెప్పింది, కాకపోతే డిగ్రీల్లో.

ఉత్తరాన్ని 0 అనుకుని కుడివైపుకి కొలుచుకుంటూ వెళ్తే తూర్పు 90 డిగ్రీలు. దీన్నే యాప్‌లలో అజిముత్ అంటారు. మన వైపు జూన్ 21న సూర్యుడు సుమారు 65 డిగ్రీల దగ్గర లేస్తాడు, డిసెంబర్ 21న 115 దగ్గర. అంటే ఏడాదిలో 50 డిగ్రీలు అటూ ఇటూ తిరుగుతాడు. నవంబర్ 1న 105, సంక్రాంతికి 112. ఏడు డిగ్రీలే కదా అనుకోకండి. ఆకాశంలో సూర్యుడి వెడల్పు అర డిగ్రీ, అంటే పద్నాలుగు సూర్యులు పక్కపక్కన పెట్టినంత దూరం.

మంచి విషయం ఏంటంటే, డిసెంబర్ 21కి ముందు ఎక్కడ లేచాడో, తర్వాత తిరిగి వస్తూ మళ్లీ అక్కడే లేస్తాడు. శ్రీకాకుళం దగ్గర అరసవల్లి గుడి తెలుసుగా? అక్కడ కిరణాలు స్వామి పాదాలని తాకేది ఏడాదికి రెండుసార్లు, మార్చి 9-11, అక్టోబర్ 1-3 తేదీల్లో. రెండూ ఇదే లెక్క. యాప్ లేని రోజుల్లో రాతితో కట్టి చూపించారు, దండం పెట్టాలి.

మరి నా 105 మళ్లీ ఎప్పుడు? బ్రౌజర్‌లో సన్‌కాల్క్ డాట్ ఆర్గ్ తెరవండి, డబ్బులేం కట్టక్కర్లేదు. మీరు నిలబడే చోట పిన్ పెట్టండి. మన కొల్లేరు వైపు శాటిలైట్ మ్యాప్‌లో చెరువులన్నీ ఒకేలా ఉంటాయి, పక్క చెరువులో పెట్టేస్తారు జాగ్రత్త. పిన్ దగ్గర్నుంచి సూర్యోదయానికి ఒక గీత, అస్తమయానికి ఒక గీత వస్తాయి. తేదీ మారుస్తూ ఉంటే గీత తిరుగుతుంది. నాకు చెట్ల మధ్యకి వచ్చి ఆగిన తేదీ ఫిబ్రవరి 10. ఫోటోపిల్స్, సన్ సర్వేయర్ లాంటి యాప్‌లు ఉంటే కెమెరా తెరిచి, సూర్యుడి దారి ఎదురుగా ఉన్న సీన్ మీదే చూసుకోవచ్చు. కాకపోతే ఇనప షెడ్డు పక్కన, బండి మీద కూర్చుని చూస్తే ఫోన్ దిక్సూచి తప్పు చెప్తుంది. నేనైతే మ్యాప్ గీతనే నమ్ముతా.

ఇక్కడ రెండు చోట్ల మోసపోతారు. ఒకటి, దిక్కు అదే అయినా టైమ్ అదే కాదు. నవంబర్ 1న సూర్యోదయం 6:03కి అయితే, ఫిబ్రవరి 10 ప్రాంతంలో 6:33కి. రెండు, సూర్యుడు నిట్టనిలువుగా పైకి రాడు, మనకి కుడివైపుకి ఒరుగుతూ వస్తాడు. లేచిన పావుగంటకే ఒక డిగ్రీ పక్కకి జరుగుతాడు. చెట్టు తల దగ్గర సూర్యుడు కావాలంటే సూర్యోదయం గీత కాదు, ఆ నిమిషానికి ఉన్న దిక్కు చూడాలి.

సరే, 10న వెళ్లాం. పొగమంచు! చెట్లే కనపడలేదు. 11న కూడా అంతే. మంచు సంగతి ఈ యాప్‌కి తెలీదు కదా. తాతయ్య మాత్రం విసుక్కోకుండా పంచె మడిచి దాచుకున్నాడు. 12న తెల్లారేసరికి ఆకాశం తేటగా ఉంది, కానీ ఆ రెండు రోజుల్లో సూర్యుడు అర డిగ్రీ పైనే ఎడమకి జరిగిపోయాడు. దానికి మందు సింపుల్. వంద మీటర్ల దూరంలో డిగ్రీకి సుమారు మీటరు ముప్పావు లెక్క. నేను నాలుగడుగులు కుడివైపుకి జరిగి నిలబడ్డా. చెట్లు మళ్లీ సూర్యుడికి అటూ ఇటూ వచ్చేశాయి. తాతయ్యని కూడా నాతోపాటు జరగమని అరిచా.

మూడు నిమిషాల్లో పదకొండు ఫోటోలు. మీరు చూసింది ఏడోది, తాతయ్య చెట్లవైపు తిరిగి చూస్తున్నది. మార్చిలో అన్నట్టే చెట్లు కొట్టేశారు. ప్రింట్ తీయించి ఇస్తే మంచం పక్కన గోడకి పెట్టుకున్నాడు.

వచ్చే ఎపిసోడ్‌లో ఆటపాక వెళ్దాం, గూడబాతుల వెనక సాయంత్రం గీత ఎలా పట్టాలో చూపిస్తా. ఉంటానండీ.