కూబర్గ్ అణువిద్యుత్కేంద్రం: సముద్రతీరమే ఎందుకు?

దక్షిణాఫ్రికాలో విద్యుత్తుకు ప్రధానాధారం బొగ్గు. ఆ గనులు అధికంగా దేశానికి ఈశాన్యాన, ఎంపుమలాంగా ప్రాంతంలో ఉన్నాయి. కేప్‌టౌన్ నగరమో, అక్కడికి సుమారు 1,400 కిలోమీటర్ల దూరాన, నైరుతి కొసన ఉన్నది. అంత దూరం బొగ్గును మోయడం ఖర్చుతో కూడిన పని. తీగలపై విద్యుత్తును పంపితే దారిలో కొంత నష్టం తప్పదు. అందుచేతనే కేప్‌టౌన్‌కు ఉత్తరాన సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, అట్లాంటిక్ తీరాన, ఫ్రెంచి పరిజ్ఞానంతో కూబర్గ్ అణువిద్యుత్కేంద్రాన్ని నిర్మించారు. ఇందులోని రెండు యూనిట్లలో మొదటిది 1984లోను, రెండవది 1985లోను విద్యుదుత్పత్తి ప్రారంభించాయి. రెండింటి సామర్థ్యం కలిపి సుమారు 1,860 మెగావాట్లు.

ఈ కేంద్రంలో నీరు మూడు వేర్వేరు మార్గాలలో ప్రవహిస్తుంది. యురేనియం పరమాణువుల విచ్ఛిత్తి వలన పుట్టిన వేడిని మొదటి మార్గంలోని నీరు గ్రహిస్తుంది. దాని ఉష్ణోగ్రత 300 డిగ్రీల సెల్సియస్ స్థాయికి చేరినా, వాతావరణ పీడనానికి సుమారు 150 రెట్ల ఒత్తిడిలో ఉన్నందున అది మరగదు. ఆ వేడి లోహపు గొట్టాల గోడల గుండా రెండవ మార్గపు నీటికి చేరి, దానిని ఆవిరిగా మారుస్తుంది. ఆ ఆవిరి టర్బైనును త్రిప్పుతుంది. పని ముగిసిన ఆవిరిని చల్లార్చి మరల నీరుగా మార్చేది మూడవ మార్గంలోని సముద్రజలం. ఈ మూడు మార్గాల నీరు ఒకదానితో ఒకటి కలియదు. వేడి మాత్రమే ఒకదాని నుండి మరొకదానికి చేరుతుంది.

పుట్టిన వేడిలో దాదాపు మూడవ వంతు మాత్రమే విద్యుత్తుగా మారుతుంది. తక్కినదానిలో అధిక భాగాన్ని సముద్రమే భరించాలి. చల్లని బెంగ్వెలా ప్రవాహం గల ఈ తీరం అందుకు అనుకూలం. పైగా, మంచినీటికి కరవున్న ఆ ప్రాంతంలో ఆవిరిని చల్లార్చేందుకు మంచినీరు వెచ్చించనక్కరలేదు.

కేప్ ప్రాంతం దీనిపై ఎంతగా ఆధారపడినదో 2005 డిసెంబరులో తెలిసివచ్చింది. మొదటి యూనిట్ జనరేటరులో ఉండిపోయిన ఒక్క బోల్టు దానిని దెబ్బతీసింది. రియాక్టరుకు హాని కలుగలేదు. అయినను, ఇతర లోపాలు కూడా తోడై, 2006 తొలి నెలలలో ఆ ప్రాంతం పలుమార్లు చీకటిలో మునిగింది. మార్పిడికి కావలసిన రోటరు ఫ్రాన్సు నుండి రావలసివచ్చింది.

ఆవిరి జనరేటర్లను మార్చిన పిమ్మట, 2024లో మొదటి యూనిట్ అనుమతిని మరి 20 సంవత్సరాలు పొడిగించారు. తక్కువ ధార్మికత గల వ్యర్థాలను వాల్‌పుట్స్ అనే ఎడారి ప్రాంతంలో పాతిపెడుతున్నారు. వాడిన ఇంధనం మాత్రం కేంద్రం ఆవరణలోనే ఉన్నది. అది వేల సంవత్సరాలు జాగ్రత్తగా కాపాడవలసిన పదార్థం. నేడు మన ఇంట వెలిగే దీపం ఖరీదును లెక్కకట్టునప్పుడు, రేపటి తరాలు మోయవలసిన ఈ భారాన్ని కూడ అందులో చేర్చుట న్యాయం.